హైదరాబాద్ గాలిలో దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తోంది, ఇంట్లో ఏం చేయొచ్చు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కూకట్‌పల్లిలో మెయిన్ రోడ్డుకు దగ్గర్లో నాలుగో అంతస్తు ఫ్లాట్. పొద్దున తుడిచిన బాల్కనీ సాయంత్రానికి నల్లబడుతోంది. ఒక యాప్ గాలి నాణ్యత సూచీ 92 అంటూ ఫరవాలేదంటే, అదే గంటకు ఇంకో యాప్ 149 అని నారింజ రంగులో చూపిస్తోంది. ఏడేళ్ళ పాపకు చలికాలం రాగానే పిల్లికూతలు మొదలవుతాయి. ఈ దుమ్ము బండ్లదా, పక్కన లేస్తున్న టవర్లదా, ఫ్యాక్టరీలదా, ప్యూరిఫయర్ కొంటే ఉపయోగం ఉంటుందా అని అడిగారు.

సూటిగా చెప్తే: బాల్కనీలో మీరు తుడిచేది చాలావరకు రోడ్డు మీద నుంచి లేచిన మట్టి, టైర్ల అరుగుదల, పక్క కట్టడాల సిమెంటు, కాస్త డీజిల్ మసి. పాప ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళే సన్నటి దుమ్ము వేరు. అందులో పెద్ద వాటా ఎక్కడో ఏదో కాలడం వల్ల పుట్టింది: బండ్ల పొగ, చెత్త మంటలు, కట్టెలు, బొగ్గు, జనరేటర్లు. యాప్‌లు రెండూ సరిగ్గానే చెప్తున్నాయి, వాటి కొలబద్దలు వేరు. ప్యూరిఫయర్ కొనండి, కానీ ఇల్లంతటికీ కాదు, పాప పడుకునే గదికి మాత్రమే, ఆ గదికి సరిపడే సైజుది. అంతకంటే ముందు మీ అపార్ట్‌మెంట్‌లోనే సరిచేయాల్సినవి రెండు మూడున్నాయి. అవీ చెప్తాను.

గాలి నమూనాలు తీసి, ఏ మూలం నుంచి ఎంత వస్తోందో లెక్కగట్టడం నా పని. అందుకే కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు సైజు సంగతి తేల్చుకోవాలి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పీఎం 10 అంటే గాలిలో తేలే 10 మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువులు. పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్నవి. మన తలవెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. 10 మైక్రాన్ల రేణువు ఒక్కటి 2.5 మైక్రాన్ల రేణువులు 64 కలిస్తే ఎంతో అంత బరువు. గాలి కదలకుండా ఉన్న గదిలో 10 మైక్రాన్ల రేణువు పదడుగుల ఎత్తు నుంచి నేలకు దిగడానికి పావుగంట చాలు. 1 మైక్రాన్ రేణువుకు దాదాపు ఒక రోజు పడుతుంది. కాబట్టి గచ్చు మీద పేరుకునేది చాలావరకు లావు సరుకే. సన్నది చాలావరకు గాలిలోనే తేలుతూ ఉంటుంది, గుడ్డకు పెద్దగా అంటదు, కంటికి కనిపించదు. బాల్కనీ శుభ్రంగా ఉన్న రోజు గాలి బాగుందనుకోవడానికి లేదు. నల్లగా ఉన్న రోజు గాలి విషమైపోయిందనీ అనుకోనక్కర్లేదు.

అలాగని లావు దుమ్మును కొట్టిపారేయకండి. అది ముక్కులో, గొంతులో, పెద్ద శ్వాసనాళాల్లో ఆగుతుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకు నాళాలు బిగుసుకుపోయేది అక్కడే. గుండె మీద, రక్తనాళాల మీద ఏళ్ళ తరబడి ప్రభావం చూపేది మాత్రం ముఖ్యంగా పీఎం 2.5.

ఇంట్లోనే చేసుకునే మూడు పరీక్షలు. రెండు రోజులు బాల్కనీ తుడవకుండా వదిలేసి, పొడి బ్రష్‌తో దుమ్మును తెల్ల కాగితం మీదికి తీయండి. చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలపండి. గరుగ్గా ఉండి గోధుమరంగు మరక పడితే మట్టి, రాతిపొడి. జిడ్డుగా, కాటుకలా నల్లగా పట్టి నీళ్ళతో ఒక పట్టాన వదలకపోతే మసి. రెండోది, చిన్న అయస్కాంతానికి పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి దుమ్ము మీద మెల్లగా తిప్పండి. అంటుకునేది ఇనుము: బ్రేకుల అరుగుదల, వెల్డింగ్ షాపుల రజను, బొగ్గు బూడిదలో కొంత భాగం. మన గ్రానైటు నేలలోనూ సహజంగా కొంత మాగ్నెటైట్ (ఇనుప ఖనిజం) ఉంటుంది కాబట్టి కాస్త అంటినంత మాత్రాన కంగారు పడొద్దు, చిటికెడులో సగం అంటితే ఆలోచించాలి. మూడోది, మిగిలిన దుమ్ము మీద రెండు చుక్కలు వెనిగర్ వేయండి. బుసబుస పొంగితే సున్నం ఉందన్నమాట, అంటే కాంక్రీటు, ప్లాస్టరింగ్ పొడి. నల్లరేగడి ప్రాంతాల మట్టిలో సున్నపు గుళ్ళు ఉంటాయి, అక్కడ ఈ పరీక్ష తప్పుదోవ పట్టిస్తుంది. కూకట్‌పల్లి వైపు ఆ ఇబ్బంది తక్కువ.

మీరు చెప్పినట్టు నలుపు రంగే ఎక్కువగా ఉండి, జిడ్డుగా పడుతుంటే మొదట అనుమానించాల్సింది మీ అపార్ట్‌మెంట్ జనరేటర్‌ను. పొగగొట్టం ఎంత ఎత్తుకు పోవాలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ఇచ్చింది: భవనం ఎత్తు మీద ఇంకా 0.2 ఇంటూ కేవీఏ (జనరేటర్ సామర్థ్యం) వర్గమూలం, మీటర్లలో. 250 కేవీఏ జనరేటర్ అయితే వర్గమూలం 15.8, దాన్ని 0.2తో గుణిస్తే 3.16. అంటే టెర్రస్ పైన ఇంకో మూడు మీటర్ల పైచిలుకు గొట్టం ఉండాలి. చాలా చోట్ల సెల్లార్ పక్క గోడ నుంచి మొదటి అంతస్తు దాకా తెచ్చి ఆపేస్తారు. ఆ పొగ గోడ వెంబడే పైకి పాకి మూడు, నాలుగు అంతస్తుల బాల్కనీల్లోకి తిరుగుతుంది. కరెంటు పోయి జనరేటర్ ఆన్ అయిన ఐదు నిమిషాలకు బాల్కనీలోకి వచ్చి వాసన చూడండి, తేలిపోతుంది. గొట్టం పొడిగించేటప్పుడు వంపులు ఎక్కువ పెడితే ఇంజన్ మీద వెనక ఒత్తిడి పెరిగి ఇంకా నల్లటి పొగ కక్కుతుంది. పొడిగించిన మేరకు గొట్టం వ్యాసం కూడా పెంచాలని కాంట్రాక్టరుకు గట్టిగా చెప్పండి.

ఇప్పుడు యాప్‌ల గొడవ. రెండూ ఒకే గాలిని కొలిచాయి, ఘనపు మీటరుకు దాదాపు 55 మైక్రోగ్రాముల పీఎం 2.5. భారత సూచీలో 31 నుంచి 60 మైక్రోగ్రాముల మధ్య ఉంటే "సంతృప్తికరం", 51 నుంచి 100 మార్కులు. ఆ లెక్కన 55కి 92 వస్తుంది. అమెరికా సూచీలో 35.5 నుంచి 55.4 దాకా "సున్నిత ఆరోగ్యం ఉన్నవాళ్ళకు మంచిది కాదు", 101 నుంచి 150 మార్కులు. అదే 55కి అక్కడ 149. పైగా భారత సూచీ 24 గంటల సగటు మీద లెక్క, చాలా ప్రైవేటు యాప్‌లు ఆ గంట లెక్కే చూపిస్తాయి. అందుకే సూచీ అంకెను వదిలేసి మైక్రోగ్రాముల అంకె చూడటం అలవాటు చేసుకోండి. యాప్‌లో కాస్త కిందికి జరిపితే ఉంటుంది. మన దేశపు ప్రమాణం పీఎం 2.5కి రోజుకు 60, ఏడాది సగటు 40. పీఎం 10కి రోజుకు 100, ఏడాదికి 60. ఇవి 2009లో పెట్టినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5కి రోజుకు 15, ఏడాదికి 5 చాలన్నది. పిల్లికూతలున్న పాప విషయంలో 60 దాటేదాకా ఆగకండి, 35 దాటగానే జాగ్రత్త మొదలుపెట్టండి.

ప్రభుత్వ స్టేషన్లలో సనత్‌నగర్ మీకు దగ్గర. జూపార్క్, సెంట్రల్ యూనివర్సిటీ, బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు ఇక్రిశాట్ వగైరా చోట్లా ఉన్నాయి. "సమీర్" యాప్‌లో చూడొచ్చు, కేంద్ర మండలి వెబ్‌సైటులో గంట గంట డేటా దింపుకోవచ్చు. అమెరికా కాన్సులేట్ అంకెలు చూసేవాళ్ళు చాలామంది ఉండేవారు. 2025 మార్చి నుంచి వాళ్ళు డేటా బయటికి ఇవ్వడం ఆపేశారు.

ఇంట్లో పెట్టుకునే చిన్న లేజర్ సెన్సర్ల గురించి ఒక్క మాట. అవి రేణువులను తూచవు. కాంతి ఎంత చెదిరిందో చూసి బరువు ఊహిస్తాయి. తేమ 80 శాతం దాటితే రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, సెన్సర్ దాన్నీ దుమ్ముగానే లెక్కేస్తుంది. జనవరి తెల్లవారుజామున మంచు పడ్డప్పుడు అది చూపించే అంకెలో కొంత నీరే. పీఎం 10 అంకె అయితే అస్సలు నమ్మొద్దు. లావు రేణువులు దాని చిన్న ఫ్యాను లాగే గాలిలోకి సరిగ్గా రావు, పీఎం 2.5ను ఏదో గుణకంతో పెంచి చూపిస్తుంది. పీఎం 2.5 ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది అన్నదానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న, ఎవరి వాటా ఎంత. ఇది తేల్చే పద్ధతి ఇలా ఉంటుంది. 47 మిల్లీమీటర్ల టెఫ్లాన్ ఫిల్టరు గుండా నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున 24 గంటలు గాలి లాగుతారు. అంటే 24 ఘనపు మీటర్లు. గాలిలో 60 మైక్రోగ్రాములుంటే రోజంతా లాగినా ఫిల్టరు మీద పడేది ఒకటిన్నర మిల్లీగ్రాములోపే. అందుకే తూచే ముందు ఫిల్టరును స్థిరమైన తేమ, ఉష్ణోగ్రత ఉన్న గదిలో ఒక రోజు ఉంచుతారు, లేకపోతే తేమ బరువే దుమ్ము బరువును మింగేస్తుంది. ఆ తర్వాత ఆ చిన్న మరకలో ఏమేం ఉన్నాయో చూస్తారు. సిలికాన్, అల్యూమినియం, కాల్షియం, టైటానియం ఉంటే మట్టి. జింకు టైర్లది, రాగి, ఆంటిమొనీ, బేరియం బ్రేకులవి. లీవోగ్లూకోసాన్ అనే చక్కెర లాంటి పదార్థం కట్టెలు, గడ్డి కాలితేనే పుడుతుంది. సీసం, క్లోరిన్ కలిసి కనిపిస్తే చెత్త మంటలను అనుమానిస్తాం. ఆర్సెనిక్, సెలీనియం బొగ్గు వైపు చూపిస్తాయి. ఫిల్టరు చూడగానే కొంత తెలిసిపోతుంది కూడా: పీఎం 10 ఫిల్టరు మట్టిరంగులో ఉంటుంది, పక్కనే పెట్టిన పీఎం 2.5 ఫిల్టరు చలికాలంలో పెన్సిల్ ముక్కు రంగులో బయటికొస్తుంది.

హైదరాబాద్‌లో ఈ పద్ధతిలో 2005-06లోనే పంజగుట్ట, చిక్కడపల్లి, సెంట్రల్ యూనివర్సిటీల్లో నమూనాలు తీసి అధ్యయనం చేశారు. అప్పటికీ ఇప్పటికీ నగరం మారిపోయింది, శాతాలను ఇప్పటికి అంటగట్టడం సరికాదు. కానీ అప్పుడు తేలిన ఆకారం మారలేదు: బండ్లూ, బండ్లు లేపే రోడ్డు దుమ్మూ కలిపితే అదే అతిపెద్ద పద్దు. పీఎం 10లో రోడ్డు దుమ్ముది పైచేయి, పీఎం 2.5లో పొగది.

రోడ్డు దుమ్ము గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ప్రభుత్వ డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. రోడ్డు మీద చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల సన్నమట్టి ఉందో (75 మైక్రాన్ల జల్లెడలోంచి జారేది) కొలిచి, బండ్ల సగటు బరువుతో కలిపి దుమ్మును అంచనా వేస్తారు. ఈ సూత్రంలో మట్టి రెట్టింపైతే దుమ్ము కూడా దాదాపు రెట్టింపు, బరువు రెట్టింపైనా అంతే. అంటే టిప్పర్లు, రెడీమిక్స్ లారీలు, వేసవిలో నీళ్ళ ట్యాంకర్లు ఎక్కువ తిరిగే రోడ్డు కార్ల రోడ్డు కంటే చాలా రెట్లు దుమ్ము లేపుతుంది. అదే సూత్రం ప్రకారం లేచిన పీఎం 10లో పీఎం 2.5 పావు వంతే. రోడ్లు ఎంత ఊడ్చినా పీఎం 2.5 అంకె పెద్దగా కదలకపోవడానికి కారణం ఇది.

ఆ మట్టి ఎక్కడిది? కొంత రోడ్డు పక్క మట్టి అంచు, కొంత తవ్వి పూడ్చిన కేబుల్ గోతులు, చాలావరకు కట్టడాల గేటు. కోకాపేట, నార్సింగి, నానక్‌రామ్‌గూడ వైపు సెల్లార్ల కోసం బండను పేల్చి, టిప్పర్లలో పైన పట్టా కప్పకుండా తీసుకుపోతుంటే చక్రాలకంటిన బురద కిలోమీటరు దాకా రోడ్డు మీద పరుచుకుంటుంది. గేటు దగ్గర చక్రాలు కడిగే గుంట ఒక్కటి ఉంటే ఇందులో చాలా భాగం ఆగుతుంది. కట్టడాల దుమ్ము మీద కేంద్ర పర్యావరణ శాఖ 2018 జనవరిలోనే నిబంధనలు తెచ్చింది. చుట్టూ అడ్డుగోడలు, ఇసుక మట్టి కుప్పల మీద పట్టాలు, బయట రాయి, టైల్స్ కోయడం మీద నిషేధం, అన్నీ అందులో ఉన్నాయి. నీళ్ళు చల్లడం తాత్కాలికం. ఏప్రిల్ ఎండలో గంట తిరగకముందే ఆరిపోతుంది, మోతాదు మించితే బురదై టైర్లకంటి ఇంకా దూరం పోతుంది. రోడ్డు ఊడ్చే యంత్రాలు డివైడర్, ఫుట్‌పాత్ అంచులకు ఆనుకుని మెల్లగా పోతేనే ఫలితం, మట్టి ఉండేది అక్కడే. నడి రోడ్డు మీద వేగంగా పోయే యంత్రం డీజిల్ తగలేయడం తప్ప పెద్దగా చేసేదేమీ లేదు. అంచుల్లో మట్టి కనపడకుండా పేవర్ టైల్సో గడ్డో వేయడం శాశ్వతంగా పనిచేస్తుంది.

2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి, ఆంధ్రప్రదేశ్ నుంచి విజయవాడ, గుంటూరు, విశాఖ సహా 13 ఊళ్ళు ఉన్నాయి. నగరాల పనితీరును పీఎం 10 తగ్గుదలతోనే కొలుస్తున్నారు. విడుదలైన డబ్బులో సగానికి పైగా రోడ్డు దుమ్ము పనులకే పోయింది. లావు దుమ్ము తగ్గడం మంచిదే. కానీ పిల్లల రక్తంలోకి చేరేది సన్నది. దాన్ని కొలవకుండా, దాని మీద ఖర్చు పెట్టకుండా కార్యక్రమం సఫలమైందని ప్రకటించుకోవడం నాకు ఎంతమాత్రం ఒప్పుదల కాని విషయం.

బండ్ల పొగ. 2020 ఏప్రిల్ నుంచి బండ్ల పొగకు బీఎస్-6 అనే కొత్త ప్రమాణం వచ్చింది, ఇంధనంలో గంధకం పది లక్షల పాళ్ళలో 50 నుంచి 10కి దిగింది. డీజిల్ బండ్లకు మసి ఫిల్టర్లు వచ్చాయి. కొత్త బండి పొగ నిజంగానే చాలా తక్కువ. సమస్య పాత లారీలు, పాత ట్యాంకర్లు, ఫిల్టరు మూసుకుపోతోందని పీకించేసిన బండ్లు. నెమ్మదిగా పోతూ ఆగుతూ ఉండే ట్రాఫిక్‌లో ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకునేంత వేడెక్కదు, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, మెకానిక్ "తీసేద్దాం సార్" అంటాడు. తీయించొద్దు. హైవే మీద ఇరవై ముప్ఫై నిమిషాలు నిలకడ వేగంతో నడిపితే చాలావరకు అదే శుభ్రమవుతుంది. ఎలక్ట్రిక్ బండ్లతో పొగ పోతుంది, టైర్ల దుమ్ము, రోడ్డు దుమ్ము ఉంటాయి.

చెత్త మంటలు, కట్టెలు. ఆకులు ఊడ్చి కుప్పపోసి నిప్పు పెట్టడం, ఖాళీ ప్లాటులో ప్లాస్టిక్, తోలు ముక్కలు కాల్చడం, రాత్రి వాచ్‌మన్ చలిమంట, కట్టడాల దగ్గర కూలీల వంట పొయ్యిలు, హోటళ్ళ కట్టెల భట్టీలు, ఇవన్నీ విడివిడిగా చిన్నవి. కానీ పొగ తల ఎత్తులోనే విడుదలవుతుంది, అదీ గాలి కదలని రాత్రివేళ. మీ గేటు దగ్గర వాచ్‌మన్ చలిమంట వేస్తుంటే అసోసియేషన్ తరఫున ఆయనకు ఒక చిన్న హీటరు, మంచి స్వెటరు, దుప్పటి ఇవ్వండి. మంట ఆపమని చెప్పి ఊరుకోవడం మనిషికి అన్యాయం. భోగి రోజు తెల్లవారుజాము ఏడాదిలోని చెడ్డ గంటల్లో ఒకటి. పిడకలు, కట్టెల వరకు సంప్రదాయం, టైర్లు, పాత పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు వేయడం ఏ సంప్రదాయంలోనూ లేదు. ఆ పూట పాపను కిటికీలు మూసిన గదిలోనే ఉంచండి. దీపావళి రాత్రి కూడా అంతే.

ఫ్యాక్టరీలు. మీకు వాయవ్యంగా బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం, దగ్గర్లోనే జీడిమెట్ల. బొగ్గు, ఊక, వేరుశనగ పొట్టు కాల్చే బాయిలర్లే ముఖ్యం. పొగలోని బూడిదను పట్టే సంచి ఫిల్టర్లు సరిగ్గా నడిస్తే పొగగొట్టం నుంచి కంటికి ఏమీ కనిపించకూడదు. చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి పటాన్‌చెరు వైపు పొగ ఆ నెలల్లో చాలావరకు మీకు దూరంగానే పోతుంది. గాలి కదలని రాత్రుల్లో, పడమటి గాలి వీచే వానాకాలంలో లెక్క వేరు.

ఇంకో మూలం ఉంది, దీనికి పొగగొట్టం మన కంటికి కనిపించదు. బొగ్గు కేంద్రాల గంధక డయాక్సైడు, బండ్ల నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలో గంటల తరబడి ప్రయాణిస్తూ, ఎరువుల నుంచి, పశువుల నుంచి వచ్చే అమ్మోనియాతో కలిసి అమ్మోనియం సల్ఫేట్, నైట్రేట్ రేణువులవుతాయి. పుట్టేటప్పుడు వాయువు, మన దగ్గరికొచ్చేసరికి పీఎం 2.5. చలికాలపు గాలి వచ్చే దిక్కున గోదావరి లోయ ఉంది, రామగుండం, కొత్తగూడెం బొగ్గు కేంద్రాలూ ఉన్నాయి. గంధకాన్ని కడిగే యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబరులో నిబంధన వచ్చింది. గడువులు పొడిగిస్తూ పోయి, 2025 జూలైలో దేశంలోని చాలా కేంద్రాలకు మినహాయింపే ఇచ్చేశారు. దీన్ని మీరు బాల్కనీ నుంచి ఆపలేరు. నగరం ఒక్కటే ఎంత కష్టపడినా పీఎం 2.5 ఒక స్థాయి కంటే దిగకపోవడానికి ఇదో కారణమని తెలిసి ఉండటం మంచిది.

మీ ఇంటి దగ్గర ఏది ముఖ్యమో గడియారం చెప్తుంది. సెన్సరును బాల్కనీలో వాన పడని చోట, వంటగది కిటికీకి దూరంగా పెట్టి ఒక వారం చూడండి. గ్రాఫులో పది నుంచి ముప్ఫై నిమిషాలు నిలువుగా లేచి పడిపోయే ముళ్ళు కనిపిస్తే అది మీ వీధిలోనిదే: మంట, జనరేటర్, ఆగి ఉన్న లారీ. పొద్దున ఏడు నుంచి పది దాకా గుట్టలా పెరిగితే ట్రాఫిక్, దానికి చలి గాలి తోడు. అన్ని ప్రభుత్వ స్టేషన్లలోనూ ఒకేసారి మెల్లగా పెరిగి రెండు మూడు రోజులు అలాగే ఉంటే అది వాతావరణం, బయటి నుంచి వచ్చింది. ప్రభుత్వ స్టేషను డేటాలో పీఎం 2.5ను పీఎం 10తో భాగించి చూడండి. 0.3 దగ్గరుంటే మట్టి, 0.6 దాటితే పొగ. మార్చి మధ్యాహ్నానికీ డిసెంబరు రాత్రికీ ఈ నిష్పత్తి ఎంత మారుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

రాత్రి పదకొండుకు రోడ్డు ఖాళీగా ఉన్నా అంకె ఎందుకు ఎక్కువంటే, ఎండాకాలం మధ్యాహ్నం పొగ కిలోమీటరు పైదాకా కలిసిపోతుంది. డిసెంబరు రాత్రి నేల త్వరగా చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతపెట్టినట్టు కూర్చుంటుంది. అదే పొగ వంద, రెండు వందల మీటర్లలోనే ఇరుక్కుంటుంది. పగలు ఊళ్ళోకి రానివ్వని భారీ లారీలు వచ్చేదీ ఆ సమయానికే.

ఇక ఇంట్లో చేయాల్సినవి. పాప గది 12 ఇంటూ 12 అడుగులు, ఎత్తు 10 అడుగులనుకుందాం. 1,440 ఘనపుటడుగులు, అంటే దాదాపు 41 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు గది గాలి మొత్తం ఫిల్టరు గుండా పోవాలి, అంటే గంటకు 205 ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి. పెట్టె మీద "సీఏడీఆర్" అని ఉండే అంకె ఇదే. ఆ అంకె యంత్రం పూర్తి వేగంలో ఇచ్చేది. పూర్తి వేగంలో మోత భరించలేక రాత్రికి తగ్గించి పెడతారు, అప్పుడు వచ్చేది సగం కూడా ఉండదు. అందుకే 350 నుంచి 400 సీఏడీఆర్ ఉన్నది తీసుకుని మధ్య వేగంలో నడపండి. హెపా ఫిల్టరు (సన్నటి రేణువులను పట్టే దట్టమైన పీచు ఫిల్టరు) ఉండాలి. అయొనైజర్, ఓజోన్ లాంటివి ఉంటే కొనొద్దు, ఉన్నా ఆపేయండి, ఓజోన్ ఆస్తమాను రేపుతుంది. యంత్రాన్ని గోడకు అడుగు దూరంలో, కర్టెన్ అడ్డం లేకుండా పెట్టండి. తలుపు మూసి, పూర్తి వేగంలో అరగంట నడిపి సెన్సరు చూడండి. పీఎం 2.5 మూడో వంతుకు దిగకపోతే ఎక్కడో గాలి చొరబడుతోంది. స్లైడింగ్ కిటికీల ఊలు అంచులు అరిగిపోవడం మామూలు, వాటిని మార్చడానికి పెద్ద ఖర్చు కాదు. హెపా ఫిల్టరును నీళ్ళతో కడగొద్దు, పీచు పాడైపోతుంది. ముందుండే జాలీని మాత్రం రెండు వారాలకోసారి వ్యాక్యూమ్ చేయండి.

కిటికీలు రోజంతా మూసి ఉంచడం కూడా తప్పే. ముగ్గురు పడుకున్న మూసిన గదిలో కార్బన్ డయాక్సైడు తెల్లారేసరికి బాగా పేరుకుంటుంది, తలనొప్పి, మత్తు వస్తాయి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్య అన్నీ బార్లా తెరవండి, చలికాలంలోనూ రోజులో గాలి బాగుండేది అప్పుడే. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకోదు, దాని జాలీ పీఎం 2.5ను ఆపదు.

ఇంట్లో పుట్టే పొగను తగ్గించకుండా ప్యూరిఫయర్ పెట్టడం వృథా. ఎండుమిరపకాయల తాలింపు, పూరీలు, చేపల వేపుడు వేళ వంటగదిలో పీఎం 2.5 కొన్ని వందలకు పోతుంది. చిమ్నీ గొట్టం బయటికి ఉండాలి. గొట్టం లేకుండా గాలిని లోపలే తిప్పేది జిడ్డు పడుతుంది తప్ప సన్నటి పొగను ఆపదు. దోమల చుట్ట అన్నిటికంటే చెడ్డది. ఒక చుట్ట కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత పీఎం 2.5 వస్తుందని 2003లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. పాప గదిలో దోమతెర కట్టండి. అగరుబత్తి, సాంబ్రాణి దేవుడి గదిలో కిటికీ తెరిచి, పాప బడికి పోయాక. పొడి చీపురు మానేసి తడి గుడ్డతో తుడవండి, చీపురు లావు దుమ్మునంతా మళ్ళీ పాప ముక్కు ఎత్తుకు లేపుతుంది.

ఆటలకు చలికాలంలో పొద్దున ఏడు, ఎనిమిది గంటలు వద్దు, సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర మేలు. మాస్క్ అంటే ఎన్95 మాత్రమే, అదీ పిల్లల సైజులో, అంచులు ముఖానికి అతుక్కుని ఉంటేనే. గుడ్డ మాస్క్ లావు దుమ్ముకు కొంత పనికొస్తుంది. ఆయాసం వస్తున్న పాపకు మాస్క్ పెట్టే ముందు డాక్టరును అడగండి. ఆయన రాసిన ఇన్‌హేలర్‌ను గాలి బాగుందని మీ అంతట మీరు మానేయకండి.

స్మాగ్ టవర్లు (గాలిని లాగి వడకట్టే పెద్ద టవర్లు) పెడితే పోదా అని కింద ఇంకొకరు అడిగారు. ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో 2021లో పెట్టిన టవర్‌ను సెకనుకు 1,000 ఘనపు మీటర్ల గాలి లాగేలా కట్టారు. మన నగరం పాత హద్దుల్లో 650 చదరపు కిలోమీటర్లు, గాలి కలిసే ఎత్తు 500 మీటర్లు అనుకుంటే ఆ గాలిని ఒక్కసారి వడకట్టడానికి పదేళ్ళు పడుతుంది. సెకనుకు రెండు మీటర్ల చిన్న గాలి వీచినా నగరం మీది గాలి మొత్తం మూడున్నర గంటల్లో మారిపోతుంది. ఆ డబ్బును చెత్త ఎత్తే బండ్ల మీద పెడితే నయం.

ఫిర్యాదు చేసేటప్పుడు "కాలుష్యం ఎక్కువగా ఉంది" అని రాస్తే ఎవరూ కదలరు. తేదీ, గంట, స్థలం గుర్తు, ఫోటో, సెన్సరు గ్రాఫ్ జత చేయండి. చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో చెప్పింది, ఆ మాట ఫిర్యాదులో రాయండి. చెత్త, రోడ్డు, కట్టడాల సంగతి మీ మున్సిపల్ కార్పొరేషన్‌కి, జనరేటర్, ఫ్యాక్టరీ సంగతి కాలుష్య నియంత్రణ మండలికి. కట్టడం విషయమైతే గేటు ముందు రోడ్డు మీద మట్టి చారికలను ఉదయం పూట ఫోటో తీయండి, మధ్యాహ్నానికి టైర్లు వాటిని చెరిపేస్తాయి.